బుచ్చిలో హిట్లర్ మీసం

2024 ఏప్రిల్ చివరివారం. మే 13న పోలింగు. బుచ్చిరెడ్డిపాలెంలో ఒక ఫ్లెక్సీల షాపులో కూచుని ఉన్నాను. మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి బ్యానరు వేయించాలి. (ఓణీల ఫంక్షన్ల గురించి నేను ఇంతకుముందు చాలా రాశాను, మాట్లాడాను. అక్క మాట కాదనలేక వెళ్ళాను. దాని గురించి ఎప్పుడైనా వేరే రాసుకోవాలి.) షాపులో గోడ పొడవునా తాడు కట్టి అన్ని పార్టీల కండువాలూ ఆరేసినట్టు వేలాడదీశారు. కింద అట్టపెట్టెల్లో సైకిలు, ఫ్యాను, గాజుగ్లాసు బ్యాడ్జీలు, టోపీలు, తాళంచెవుల గొలుసులు. బయట కొట్టుకునే పార్టీలన్నీ లోపల ఒకే తాడుకి వేలాడుతున్నాయి.

కంప్యూటర్ ముందున్న కుర్రవాడు ఒక నాయకుడి మొహానికి హిట్లర్ మీసం అతికిస్తున్నాడు. ఎదుటి పార్టీ యువకులు ఆర్డరిచ్చారట, కొన్ని టీషర్టులూ కొన్ని పోస్టర్లూ. ఏ నాయకుడో ఇక్కడ చెప్పను. చెబితే ఈ వ్యాసం మీసం గురించి కాకుండా ఆ మొహం గురించి అయిపోతుంది. షాపు యజమానికి నేను కాలేజీలో పాఠాలు చెబుతానని అక్క ముందే చెప్పినట్టుంది. కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగాడు:

"మేడమ్, ఈ మీసం పెడితే ఆయన్ని తిట్టినట్టా, పొగిడినట్టా?"

నవ్వబోయి ఆగాను. అతను నిజంగానే అడుగుతున్నాడు. ఎన్నికల పోస్టరు మీద అచ్చువేసినవాళ్ళ పేరు, చిరునామా ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ చెబుతుంది. "కింద నా పేరు పడతది గదా. తిట్టినట్టయితే వాళ్ళు నా మీదికొస్తారు. పొగిడినట్టయితే ఆర్డరిచ్చినోళ్ళే డబ్బులియ్యరు. మా పిల్లోడేమో, మీసంతో ఇంకా గట్టిగా ఉండాడు సార్ అంటన్నాడు."

తిట్టినట్టే అని చెప్పాను. బ్యానరు తీసుకుని ఆటోలో ఇంటికొస్తుంటే, అంత గట్టిగా ఎలా చెప్పానా అనిపించింది.

రాజకీయ ప్రచార సామగ్రిలో నాజీ పోలికలు హద్దు దాటుతున్నాయా అనే చర్చ ప్రపంచంలో చాలాచోట్ల జరుగుతోంది. 60 లక్షల మంది యూదుల్ని ఒక పద్ధతి ప్రకారం చంపిన రాజ్యాన్ని తెచ్చి, ఇవాళ నచ్చని నాయకుడి మొహానికి అంటిస్తే చచ్చిపోయినవాళ్ళు చులకనైపోరా అన్నది ఒక వాదం. పోల్చకపోతే చరిత్ర చదివి ప్రయోజనమేమిటన్నది దానికి జవాబు. రెండింట్లోనూ నిజముంది. కానీ ఈ చర్చ మొత్తం ఒక నమ్మకం మీద నిలబడింది: హిట్లర్ అంటే చెడుకి చివరి మెట్టు అని అందరికీ తెలుసునన్న నమ్మకం. షాపు యజమాని ప్రశ్న ఆ నమ్మకాన్నే కదిపింది. మనదగ్గర ఆ పోలిక హద్దు దాటటం సంగతి తర్వాత, అసలు గుమ్మం దాటిందా?

మా ఇంట్లో హిట్లర్ ఉండేవాడు. మా నాయన. అక్కకి తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ సీటొచ్చినప్పుడు హాస్టల్లో ఉంచి చదివించేది లేదన్నాడు. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. చుట్టాలొచ్చి అక్కని ఓదార్చారు, "మీ నాయన సంగతి తెలిసిందే గదమ్మా, హిట్లరు" అని. అందరూ నవ్వారు, చివరికి అక్క కూడా. ఆ నవ్వుతో సీటు సంగతి ముగిసిపోయింది. ఆర్నెల్లకి పెళ్ళిలో అప్పగింతలప్పుడు నాయన వెక్కివెక్కి ఏడిస్తే అదే చుట్టాలు, "పైకి హిట్లరే గానీ లోపలంతా వెన్న" అన్నారు. ఆ మాట విమర్శలాగే ఉంటుంది. చేసే పని మాత్రం వేరు. ఆడపిల్ల చదువాపిన అధికారానికి ఒక ముద్దుపేరు పెట్టి, దాన్ని ఆ మనిషి స్వభావంగా మార్చేస్తుంది. స్వభావంతో ఎవరు పోట్లాడతారు? సర్దుకుపోతారు.

ఈ హిట్లర్ మా ఇంట్లో పుట్టినవాడు కాదు. 1997లో చిరంజీవి 'హిట్లర్' వచ్చింది, ముత్యాల సుబ్బయ్య దర్శకత్వంలో. అంతకుముందు ఏడాది మలయాళంలో మమ్ముట్టితో సిద్దిఖీ తీసిన సినిమాకి రీమేకు. చెల్లెళ్ళని కంటికి రెప్పలా, అంటే కాపలాగా చూసుకునే అన్నయ్యకి ఊరు పెట్టిన పేరది. ఆ పేరుతో ఆయన మీద భయం కలిగినట్టే కలిగి, సినిమా అయ్యేసరికి గౌరవం కలుగుతుంది. 2020లో జీ తెలుగులో 'హిట్లర్ గారి పెళ్ళాం' అనే సీరియల్ మొదలైంది. ఆ "గారి" దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. హిట్లర్‌కి మర్యాద ప్రత్యయం చేర్చి పెళ్ళి చేసిన భాష ఇంకోటి ఉంటుందా? ఇలాంటిదే హిందీలో 2011లో జీ టీవీ 'హిట్లర్ దీదీ' మొదలుపెడితే, అమెరికాలో యూదు సంఘాల అభ్యంతరం వచ్చింది, విదేశాల్లో దాన్ని 'జనరల్ దీదీ' చేశారు. ఇక్కడ పేరు మారలేదు. నవీ ముంబైలో 2006లో 'హిట్లర్స్ క్రాస్' అని హోటలు, అహ్మదాబాదులో 2012లో 'హిట్లర్' అని బట్టల షాపు వచ్చి, గొడవలయ్యాక పేర్లు మార్చుకున్నాయి. ఆ గొడవల్లో మనవాళ్ళ ఆశ్చర్యమే నాకు ఎక్కువ గుర్తుంది: ఇందులో తప్పేముంది?

ఎప్పుడూ ఇలాగే లేదు. మా అవ్వ "ఇట్లరు" అనేది. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశారు. ఆ నెలలో మద్రాసు సగం ఖాళీ అయింది. అవ్వ అప్పటికి చిన్నపిల్ల. మద్రాసు నుంచి మూటాముల్లెతో చుట్టాలు దిగటం, "ఇట్లరూ జపానోడూ కలిసి వస్తన్నారంట" అని పెద్దవాళ్ళు గుసగుసలాడటం ఆమెకి గుర్తు. తెల్లవాడికి బుద్ధి చెప్పేవాడొకడొచ్చాడని సంతోషించినవాళ్ళూ ఉన్నారట. శత్రువుకి శత్రువు కదా. 1942 మే నెలాఖరులో సుభాష్ చంద్రబోస్ హిట్లర్‌ని కలిశాడు. జర్మనీలో బోస్ వెంట పనిచేసిన ఆబిద్ హసన్ హైదరాబాదువాడు. హిట్లర్ పట్ల మనకున్న మెత్తదనానికి ఒక వేరు అక్కడుంది.

కానీ ఇంకో వేరు కూడా ఉంది, దాన్ని మర్చిపోయాం. ఇదే జిల్లా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య పార్టీ ఆ రోజుల్లో యుద్ధాన్ని ప్రజాయుద్ధమంది. కాంగ్రెసు నాయకులు క్విట్ ఇండియా జైళ్ళలో ఉంటే, కమ్యూనిస్టులు ఊరూరా ఫాసిజానికి వ్యతిరేకంగా ప్రచారం చేశారు. ఆ రాజకీయ నిర్ణయం తప్పా ఒప్పా అన్న తగువు ఇంకా తెగలేదు, నేనిక్కడ తీర్చలేను. నాకు ముఖ్యమైంది వాళ్ళు ఎంచుకున్న రూపాలు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథనీ వీధిభాగవతాన్నీ అందుకుంది. మోటూరు ఉదయం లాంటి స్త్రీలు బుర్రకథ దళం కట్టి, ఆడవాళ్ళు వేదికెక్కడమే తప్పనుకునే ఊళ్ళలో తంబుర పట్టుకుని నిలబడ్డారు. బుర్రకథకి గంటలు పడుతుంది. ఎవరు ఎవర్ని ఎందుకు చంపుతున్నారో కథ చెప్పి తీరాలి. మధ్యలో వంతపాటవాళ్ళు ప్రశ్నలు వేస్తారు, కథకురాలు జవాబు చెప్పాలి. టీషర్టుని ఎవరూ ప్రశ్నలడగరు.

తెలుగు రాజకీయాల్లో హిట్లర్ వేషానికి అందరికీ గుర్తున్న సందర్భం 2018 ఆగస్టు 9. చిత్తూరు ఎంపీ నారమల్లి శివప్రసాద్ ముక్కు కింద పొట్టి మీసం, సైనిక దుస్తులతో పార్లమెంటుకి వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌కి ప్రత్యేక హోదా ఇవ్వని ప్రధానమంత్రి హిట్లర్‌లా ప్రవర్తించకూడదన్నది ఆయన చెప్పదలచుకున్నది. శివప్రసాద్ వృత్తిరీత్యా డాక్టరు, సినిమా నటుడు, 1991లో రోజాని 'ప్రేమ తపస్సు'తో తెరకి తెచ్చిన దర్శకుడు. నారదుడుగా, బడిపిల్లాడుగా, ఇంకా ఎన్నో వేషాల్లో ఆయన పార్లమెంటు ఆవరణలో నిలబడ్డారు. 2019 సెప్టెంబరులో చనిపోయారు. ఆయన్ని వెక్కిరించటం నాకిష్టం లేదు. ఢిల్లీ మీడియా చెవికెక్కని డిమాండుని కళ్ళకి కట్టించటానికి తనకొచ్చిన విద్య వాడారు, పగటివేషాల దేశంలో అది చిన్న సంప్రదాయం కాదు.

అయినా ఆ పోలికని దగ్గరగా చూడాల్సిందే. ప్రత్యేక హోదా అంటే ప్రధానంగా కేంద్ర పథకాల ఖర్చులో 90 శాతం కేంద్రం గ్రాంటుగా భరించటం. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఇచ్చిన హామీ అది. తర్వాతి ప్రభుత్వం దాన్ని నిలబెట్టలేదు. మాట తప్పటం మాట తప్పటమే, దానికి మన భాషలో కావలసినన్ని తిట్లున్నాయి. గ్రాంటుకీ గ్యాస్ గదికీ మధ్య ఆ మీసం తప్ప ఇంకేమీ లేదు. అంతకు ఆరేడు వారాల ముందు, ఎమర్జెన్సీ వార్షికోత్సవానికి, కేంద్రమంత్రి అరుణ్ జైట్లీ ఇందిరాగాంధీని హిట్లర్‌తో పోలుస్తూ రాశారు. అదీ పార్టీ అవసరమే. కానీ ఆయన కనీసం ఒక పని చేశారు, రాజ్యాంగంలోని అధికారాల్నే వాడి ప్రజాస్వామ్యాన్ని ఎలా నిలిపేయవచ్చో, ఆ పద్ధతిని పోల్చారు. ఏది ఎవరికి పనికొస్తుందన్నది పక్కన పెడితే, మొహాన్ని పోల్చటం వేరు, పద్ధతిని పోల్చటం వేరు.

శివప్రసాద్ వేషాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది హిట్లర్ కాదు. అదే ఏడాది ఆయన చీర కట్టుకుని స్త్రీ వేషంలో కూడా వచ్చారు. అన్యాయమైపోయిన రాష్ట్రం ఆడది, అన్యాయం చేసినవాడు హిట్లర్. రెండు వేషాలూ ఒకే పెట్టెలోంచి వచ్చాయి. ఆ పెట్టెలో ఆడదానికి ఏడుపు, మగవాడికి మీసం ఉంటాయి.

ఇక నాజీల దగ్గరే ప్రచార సామగ్రి సంగతి. హిట్లర్ 1933 జనవరిలో అధికారంలోకి రాగానే జర్మనీ దుకాణాలు స్వస్తిక గుర్తు వేసిన వస్తువులతో నిండిపోయాయి, పిల్లల ఆటబొమ్మల దాకా. సంతోషించాల్సిన గోబెల్స్ మండిపడ్డాడు. చవకబారు సరుకు మీద వేస్తే గుర్తుకి విలువ పోతుందని, అదే ఏడాది మే 19న 'జాతీయ చిహ్నాల పరిరక్షణ' చట్టం తెచ్చారు. ఏ సరుకు హద్దు దాటిందో ఆఫీసుల్లో కూచుని తీర్పులు చెప్పారు. (మన గుమ్మాల మీద పసుపుతో దిద్దే స్వస్తికకి ఆ గొడవతో సంబంధం లేదు. ఫ్లెక్సీ షాపులో గృహప్రవేశం బ్యానరు మీదున్న స్వస్తికనీ ఈ మీసాన్నీ ఒకే కుర్రవాడు ఒకే మౌస్‌తో జరుపుతుంటే మాత్రం ఏదోలా అనిపించింది.) అటు వ్యతిరేకులూ చేతులు ముడుచుక్కూచోలేదు. ఫొటోలని కత్తిరించి అతికించే జాన్ హార్ట్‌ఫీల్డ్ 1932లోనే హిట్లర్ గొంతులో, కడుపులో బంగారు నాణేలు పోసి చూపించాడు. అది ఎక్స్‌రే, మీసం కాదు. ఈ మనిషి వెనక ఎవరి డబ్బుందన్నది దాని ప్రశ్న. చాప్లిన్ 1940లో 'ది గ్రేట్ డిక్టేటర్' తీసి ప్రపంచాన్ని నవ్వించాడు. 1964లో వచ్చిన ఆత్మకథలో మాత్రం, క్యాంపుల్లోని ఘోరాలు అప్పుడే తెలిసుంటే తీయగలిగేవాణ్ణి కాదన్నాడు.

నాజీ రాజ్యం స్త్రీల మెడలో వేసిన సరుకు ఇంకొకటుంది, మాతృ శిలువ. 1938 డిసెంబరులో ప్రకటించారు. నలుగురైదుగురు పిల్లల్ని కంటే కంచుది, ఆరేడుగురైతే వెండిది, ఎనిమిదీ ఆపైనైతే బంగారుది. 1939 మే నెలలో మాతృదినోత్సవం నాడు మొదటిసారి పంచారు. బెర్లిన్‌కి ఉత్తరాన రావెన్స్‌బ్రూక్‌లో స్త్రీల కాన్సంట్రేషన్ క్యాంపు తెరిచింది ఆ నెలలోనే. యుద్ధం ముగిసేలోగా లక్షకు పైగా స్త్రీలు ఆ గేటులోంచి లోపలికి వెళ్ళారు. యూదు తల్లికి, "పనికిరానిది" అని రాజ్యం ముద్రవేసిన తల్లికి శిలువ లేదు. 1933 జులైలో చేసిన చట్టం కింద సుమారు 4 లక్షల మందికి బలవంతాన సంతానం లేకుండా చేశారు. ఎవరు కనాలి, ఎవరు కనకూడదు అని తేల్చింది మీసమున్న ఒక్కడు కాదు. డాక్టర్లు, జడ్జీలు, నర్సులు, ఫైళ్ళు రాసే గుమాస్తాలు.

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనని రద్దు చేసింది. జనాభా తగ్గిపోతోంది, ఇంకా కనమన్నారు. 2025 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేల రూపాయలు, మగపిల్లాడు పుడితే ఆవూ దూడా ఇస్తానని ప్రకటించారు. కొన్నాళ్ళకి ఒక సెమినార్లో నేను తెర మీద ఎడమపక్క మాతృ శిలువ, కుడిపక్క ఆవుబొమ్మ పెట్టాను. హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి ఒక సీనియర్ మేడమ్ లేచి, "అమ్మాయ్, ఈ రెండు బొమ్మల మధ్య ఉన్న ఖాళీలో ఏముందో చెప్పు" అన్నారు.

చెప్పలేకపోయాను. నేనూ మీసమే అతికించాను. ఫ్లెక్సీ షాపు కుర్రవాడికి నాకున్న డాక్టరేటు లేదు, అంతే తేడా.

ఆ ఖాళీలో చాలా ఉంది. ఆ ఎంపీ తన సొంత ప్రకటన చేశారు, దాన్ని బహిరంగంగా విమర్శించగలిగాం, మర్నాడు ఎవర్నీ పోలీసులు పట్టుకెళ్ళలేదు. ఏ జాతి కనకూడదన్న రెండో సగం అందులో లేదు. ఇవి చిన్న తేడాలు కావు, అవి చెప్పకుండా శిలువ చూపించటం మోసమే. కానీ ఆ ఖాళీలోనే మన సొంత చరిత్ర కూడా ఉంది, నా తెర మీద దానికీ చోటు లేకపోయింది. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 81 లక్షలకు పైగా సంతాన నిరోధక ఆపరేషన్లు జరిగాయని షా కమిషన్ లెక్క. వాటిలో ఎక్కువ మగవాళ్ళవి. మగవాళ్ళకి కోపమొచ్చింది, ప్రభుత్వం పడిపోయింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ళ జోలికి వెళ్ళలేదు, టార్గెట్లన్నీ ఆడవాళ్ళ కడుపుల మీదికి మారాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళే, దేశంలోకెల్లా ఎక్కువ. వాసెక్టమీ ఒక్క శాతం కూడా లేదు. ఇప్పుడు అదే రాష్ట్రం, అదే కడుపుతో, ఇంకా కనమంటోంది. దీనికి హిట్లర్ అక్కర్లేదు. హిట్లర్‌ని తెస్తే నష్టం కూడా. వినేవాళ్ళు ఒక రాక్షసుడి కోసం చుట్టూ చూసి, ఎవరూ కనబడక, అయితే ఏమీ జరగలేదనుకుంటారు.

పోలికలు మానేయమని నేననటం లేదు. రావెన్స్‌బ్రూక్ గురించీ, ఆ 4 లక్షల మంది గురించీ తెలుగులో ఎంత తక్కువ రాశామో చూస్తే, పోల్చటానికి మన దగ్గర సరుకే లేదనిపిస్తుంది. మీసం మాత్రం ఉంది.

ఆ ఎన్నికలయ్యాక బుచ్చి వెళ్ళినప్పుడు షాపు యజమానిని అడిగాను, ఆ పోస్టర్లేమయ్యాయని. టీషర్టులు మాత్రం వేసిచ్చాడట, వాటి మీద తన పేరు పడదు కాబట్టి. పోస్టర్ల మీద మీసం తీసేసి గాడిద చెవులు పెట్టించాడట. "అదయితే అందరికీ అర్థమవుద్ది మేడమ్."

ఆ సెమినార్ అయిన వారానికి ఇంటికి వెళ్ళి, అమ్మని ఎప్పుడూ అడగని ప్రశ్న అడిగాను. నేను పుట్టిన తొమ్మిదో నెలలో ఆపరేషనయిందని తెలుసు. వివరాలు తెలియవు. అమ్మ చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది.

"క్యాంపు పెట్టినారు. నర్సమ్మ వచ్చి పేర్లు రాసుకుంది. వీధిలో పదకొండుమందిమి పోయినాం, జీపులో."

"నాయన వద్దన్నాడా, చేయించుకోమన్నాడా?"

"మీ నాయన్ని అడిగిందెవురు? నన్నడిగిందెవురు? లిస్టులో పేరుండింది, పోయినాం. ఆ గిన్నె ఇట్టియ్యి."